హాజరు పట్టీ నుంచి ప్రొబేషన్ దాకా: మార్కాపురం, గిద్దలూరు సీమలో జైలు బయటి నిఘా చరిత్ర

శిక్ష అనగానే మనకి జైలు గుర్తొస్తుంది. చరిత్ర రాసినవాళ్ళు కూడా జైళ్ళ గురించే రాశారు. ఎవరు ఏ జైల్లో ఎన్నేళ్ళున్నారు, అక్కడ ఏం రాశారు, ఎట్లా బయటికొచ్చారు అనే విషయాలు మనకి పుస్తకాల నిండా దొరుకుతాయి. కానీ అణగారిన కులాల విషయంలో రాజ్యం శిక్షను జైలు గోడల మధ్యనే ఉంచలేదు. గుడిసె దగ్గరికి, సంత దగ్గరికి, కూలికి పోయే దారి దగ్గరికి తీసుకొచ్చింది. మనిషి ఊళ్ళోనే ఉంటాడు, పని చేసుకుంటూనే ఉంటాడు. కానీ ఎక్కడికి పోవాలన్నా చెప్పి పోవాలి, వచ్చాక మళ్ళీ చెప్పాలి. రాత్రి పూట ఎవరో వచ్చి ఉన్నాడో లేడో చూసి పోతారు. ఈ శిక్షకి చరిత్ర పుస్తకాల్లో పేజీ లేదు.

నేరస్థుడిని జైల్లో పెట్టకుండా సమాజంలోనే ఉంచి, ఒక అధికారి పర్యవేక్షణలో దారిలో పెట్టే పద్ధతిని ప్రొబేషన్ అంటున్నాం. ఇది మానవీయమైన ఆలోచన అని లా కాలేజీలో చెబుతారు. నిజమే. అయితే మన ప్రాంతంలో బయటి పర్యవేక్షణ ఒకటి కాదు, రెండు. ఒకటి పుట్టుకను బట్టి, పోలీసు చేతిలో, గడువు లేకుండా సాగింది. రెండోది చేసిన పనిని బట్టి, కోర్టు చేతిలో, గడువుతో సాగింది. మొదటిది మన పేటలకి వెతుక్కుంటూ వచ్చింది. రెండోదాని పేరు కూడా మన వాళ్ళకి తెలియలేదు. ఇది ఎందుకు జరిగిందో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉప్పు దారి తెగిపోవడం

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతం 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు దాంట్లో కలిసింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. తూర్పున సముద్రం, చినగంజాం ఉప్పు కొఠార్లు. పడమట నల్లమల, దాన్ని దాటిస్తే నంద్యాల పోయే నందికనుమ. తీరం ఉప్పు సీమలోకి, సీమ ధాన్యం తీరానికి పోవాలంటే ఈ నేల మీదుగానే పోవాలి.

ఆ సరుకు మోసినవాళ్ళల్లో యెరుకలు, లంబాడీలు ముఖ్యులు. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. యెరుకల శాఖల పేర్లలోనే ఆ సంగతి ఉంది. ఉప్పు యెరుకలు, కరివేపాకు యెరుకలు, దబ్బ యెరుకలు అన్నీ పనిని బట్టి వచ్చిన పేర్లే. అంటే తిరగడం వాళ్ళకి వ్యాపారం. రోడ్డు లేని ఊరికి ఉప్పు చేర్చింది వాళ్ళు.

19వ శతాబ్దంలో ఈ బతుకు మీద మూడు దెబ్బలు పడ్డాయి. కంపెనీ 1805లో మద్రాసు ప్రాంతంలో ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టింది, దాని చుట్టూ రానురాను కట్టుబాట్లు పెరిగాయి. 1882 మద్రాసు అటవీ చట్టం ఎద్దుల మేతకీ, వెదురుకీ, ఈతాకుకీ అడ్డం పడింది. ఆ శతాబ్దం చివర్లో గుంటూరు నుంచి కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాల పోయే రైలు మార్గం వచ్చింది. వారాల పాటు ఎద్దు మోసే సరుకుని రైలు ఒక రోజులో తీసుకుపోయింది. వీటి మధ్యలో 1876-78 నాటి పెద్ద కరువు వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో యెరుకల వ్యాపారం ఎట్లా కూలిపోయిందో, ఆ తర్వాతే వాళ్ళమీద నేర ముద్ర ఎట్లా పడిందో మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో వివరంగా చూపించారు. బతుకు దారి తెగిన మనిషి తిరుగుతూనే ఉంటే, ఆ తిరుగుడు కొత్త పాలకుడి కంటికి అనుమానంగా కనిపించింది.

పుట్టుకే రుజువు

1871 నాటి నేరస్థ తెగల చట్టం మొదట ఉత్తర భారతంలో వచ్చింది. 1911లో సవరించిన చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. 1924లో దాన్ని మళ్ళీ కూర్చి రాశారు. దాని తర్కం మనకి బాగా తెలిసిన తర్కమే. కమ్మరి కొడుకు కమ్మరి, కుమ్మరి కొడుకు కుమ్మరి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడట. తెల్లదొరలు ఈ సిద్ధాంతాన్ని ఓడలో తెచ్చుకోలేదు. వర్ణధర్మం ఇక్కడ తయారుగా పెట్టిన సిద్ధాంతానికి వాళ్ళు చట్టం తొడుగు వేశారు.

ఆ చట్టం పని చేసిన తీరు చూడండి. ప్రభుత్వం ఒక కులాన్ని నేరస్థ తెగగా ప్రకటిస్తుంది. ఆ ప్రకటన సరైందా కాదా అని కోర్టు అడగడానికి వీల్లేదు. తర్వాత ఆ కులంలో మనుషుల పేర్లు రిజిస్టర్లో ఎక్కిస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. 10వ సెక్షన్ కింద నిర్ణయించిన వేళకి హాజరు వేయించుకోవాలి, ఉండే చోటు మారితే చెప్పుకోవాలి. హాజరు తప్పితే అదే ఒక నేరం, దానికి జైలు. రిజిస్టర్లో ఉన్నవాడు అనుమానం కలిగించే చోట కనబడితే చాలు, దొంగతనం జరిగిందని రుజువు లేకుండానే మూడేళ్ళ దాకా శిక్ష వేయొచ్చు. కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్ళకి తగ్గకుండా, మూడోసారి పడితే యావజ్జీవ ద్వీపాంతరం అన్నారు.

మన భాషలోకి ఒక తిట్టు కూడా ఈ రికార్డుల నుంచే వచ్చింది. పోలీసులు పాత నేరస్థులకి పెట్టుకున్న ఇంగ్లీషు పేరులోని రెండు అక్షరాలు కే, డీ. ఈ రోజు పిల్లల్ని 'కేడీగాడు' అని తిట్టేవాళ్ళకి ఆ మాట ఒక రిజిస్టర్లోదని తెలియదు.

ప్రతిఘటన లేదని అనుకోకూడదు. 1920 ఏప్రిల్ 3న మదురై జిల్లా పెరుంగామనల్లూరులో పిరమలై కళ్ళర్లు రిజిస్టర్లో పేరు ఎక్కించుకోం అని ఎదురు తిరిగితే పోలీసులు కాల్చి చంపారు. నెల్లూరు వైపు వెన్నెలకంటి రాఘవయ్య ఈ చట్టం పోవాలని ఏళ్ళ తరబడి పని చేశారు.

కాపలా ఎవరు కాశారు?

ఇక్కడ మన చరిత్రకారులు పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. పోలీసు స్టేషన్ ఎక్కడో ఉంటుంది. రోజూ చూసే మనిషి ఊళ్ళోనే ఉండాలి. అందుకే నేరస్థ తెగల చట్టం గ్రామాధికారికి, గ్రామ కావలివాడికి, భూమి ఉన్న ఆసామికి కూడా బాధ్యత పెట్టింది. తమ ఎరుకలో ఉన్న రిజిస్టరు మనిషి రాకపోకల గురించి వాళ్ళు కబురు చెప్పాలి.

దీని అర్థం ఏమిటి? గ్రామ మునసబు ఎవరు? అగ్రకులాల్లోని భూమి గలవాడు. ఆయన దగ్గర యెరుకల మనిషి హాజరు వేయించుకోవాలి. ఆయన పొలంలో పనికి రమ్మంటే రానని చెప్పగలడా? కూలి తక్కువ ఇచ్చావని అడగగలడా? హాజరు పట్టీ ఎవరి చేతిలో ఉందో మనిషి కూడా వాళ్ళ చేతిలోనే ఉంటాడు. నేరాన్ని ఆపడానికి పెట్టామన్న చట్టం పల్లెలో చౌక కూలీని అదుపులో పెట్టే పనిముట్టయింది.

మరి మునసబు ఆజ్ఞ మోసింది ఎవరు? తలారి, వెట్టివాడు. చాలా ఊళ్ళల్లో వెట్టి చేసింది మాల మాదిగలే. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని యెరుకల గుడిసె ముందు నిలబడి పేరు పెట్టి పిలవమంటే పిలవాల్సింది అంటరానివాడే. జీతం లేని వెట్టివాడి చేత స్వేచ్ఛ లేని యెరుకలవాడికి కాపలా పెట్టించడం మునసబు గడప దాటకుండానే జరిగిపోయేది. దళితులకీ యెరుకలకీ మధ్య ఇప్పటికీ కొన్ని ఊళ్ళల్లో ఉన్న దూరానికి వేర్లు ఎక్కడున్నాయో వెతికేవాళ్ళు ఈ ఏర్పాటుని కూడా చూడాలి. మునసబు, కరణం పదవులు 1984లో రద్దయ్యాయి. అవి పెంచిన అలవాటు అంత తేలిగ్గా పోలేదు.

సంస్కరణ పేరుతో పని

హాజరు చాలదనుకున్నప్పుడు సెటిల్మెంట్లు పెట్టారు. సాల్వేషన్ ఆర్మీ 1913 ప్రాంతంలో బెజవాడ దగ్గర సీతానగరంలో, ఆ వెంటనే బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో పెట్టింది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. మన పాత కర్నూలు జిల్లాలో ఆత్మకూరు వైపు సిద్ధాపురంలో ఒకటుండేది. చదువు, వైద్యం, కొంత భూమి ఇచ్చారన్నది నిజం. సీతానగరం వాళ్ళు రాళ్ళ క్వారీలకి, స్టువర్టుపురం వాళ్ళు చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారన్నదీ నిజమే. పాస్ లేకుండా బయటికి పోకూడదన్న కూలీ ఏ యజమానికి చేదు?

ఆ ఊరి పేరు మీద 1991లో సినిమాలొచ్చాయి, 2023లోనూ వచ్చింది. ఉప్పు వ్యాపారం గురించి, హాజరు పట్టీ గురించి ఏ సినిమా తీయలేదు.

చెప్పులు కుట్టినవాడు పెట్టిన దారి

ఇక రెండో పర్యవేక్షణ. 1841లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జాన్ ఆగస్టస్ అనే ఆయన తాగిన నేరానికి పట్టుబడిన ఒక మనిషికి కోర్టులో జామీను నిలబడ్డాడు. కొన్ని వారాలు తనతో ఉంచుకుని, పని చూపించి, మళ్ళీ కోర్టుకి తీసుకొచ్చాడు. మనిషి మారాడని చూసి జడ్జి నామమాత్రపు జరిమానాతో వదిలేశాడు. 1859లో చనిపోయేదాకా ఆగస్టస్ దాదాపు 2,000 మందికి ఇట్లా నిలబడ్డాడు. ఆయన వృత్తి బూట్లు కుట్టడం. ప్రపంచమంతా ప్రొబేషన్ అని చెప్పుకునే పద్ధతికి మొదటి అధికారి జీతం లేని చెప్పుల పనివాడని మన మాదిగ పేటల్లో చెప్పుకోవాలి.

1907 ఇంగ్లండు చట్టం ప్రొబేషన్ అధికారి పని మూడు ముక్కల్లో చెప్పింది: సలహా ఇవ్వాలి, సాయం చేయాలి, స్నేహితుడిగా ఉండాలి. మద్రాసు రాష్ట్రం 1936లో తన సొంత ప్రొబేషన్ చట్టం చేసింది. స్వతంత్రం వచ్చాక 1958లో దేశమంతటికీ కేంద్ర చట్టం వచ్చింది. ఆ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ప్రొబేషన్ అధికారి నిందితుడి ఇల్లూ, పరిస్థితులూ విచారించి కోర్టుకి నివేదిక ఇవ్వాలి, పర్యవేక్షించాలి, అవసరమైతే పని వెతికి పెట్టడానికి ప్రయత్నించాలి.

ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టండి. 1937 నుంచి 1947 దాకా ఒకే మద్రాసు రాష్ట్రంలో, ఒకే ప్రభుత్వం కింద రెండు చట్టాలూ ఉన్నాయి. ఒక చట్టం కింద అధికారి స్నేహితుడు. ఇంకో చట్టం కింద అధికారి కాపలాదారు. 1958 చట్టంలో బాండు షరతు మొదటిసారి తప్పితే కోర్టు 50 రూపాయలకి మించని జరిమానా వేసి వదిలేయొచ్చు. నేరస్థ తెగల చట్టంలో హాజరు తప్పితే జైలే. పైగా పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 562వ సెక్షన్ కింద మంచి నడవడి మీద వదలాలంటే ముందు శిక్ష ఉండకూడదు. హాజరు తప్పినందుకే ఒకసారి శిక్ష పడ్డ యెరుకలవాడు ఆ తర్వాత ఒక కోడి దొంగతనంలో ఇరుక్కుంటే 'మొదటి నేరస్థుడు' ఎట్టా అవుతాడు? ఒక చట్టం తీసుకొచ్చి పెట్టిన మచ్చని చూపించి ఇంకో చట్టం తలుపు మూసింది.

చట్టం పోయింది, షీటు మిగిలింది

మద్రాసు ప్రభుత్వం 1947లో నేరస్థ తెగల చట్టాన్ని రద్దు చేసింది. మన తిరుపతి వైపు నాయకుడు మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ కూడా రద్దు చేయమనే చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. కానీ మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం వచ్చేసింది. 1962లో ఆంధ్రప్రదేశ్ తన చట్టం చేసుకుంది. కాగితం మీద తేడా ఉంది. కులం పేరు తీసేసి, ఐదేళ్ళలో మూడు శిక్షలు పడ్డ వ్యక్తి అన్నారు. కానీ 1947కి ముందు ఎవరికి తేలిగ్గా మూడు శిక్షలు పడ్డాయో మనం ఇప్పుడే చూశాం.

దానికి తోడు పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల కింద తెరిచే సస్పెక్టు షీట్లు, రౌడీ షీట్లు ఉన్నాయి. వీటికి శాసనసభ చేసిన చట్టం అక్కర్లేదు, కోర్టు శిక్ష కూడా అక్కర్లేదు. పండగొచ్చినా, ఎన్నికలొచ్చినా స్టేషన్‌కి వచ్చి సంతకం పెట్టి పొమ్మంటారు. మా పేటల్లో 'సంతకానికి పోయాడు' అంటే అర్థం ఇదే.

ఈ రెండు దారుల మీదా తీర్పు రాసిన తెలుగు జడ్జి ఒకరున్నారు. రాజమండ్రి ప్రాంతంలో పుట్టిన కోకా సుబ్బారావు. 1962 డిసెంబరు 18న ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ రాత్రి పూట ఇంటికొచ్చి తలుపు కొట్టడాన్ని మాత్రమే కొట్టేసింది, మిగతా నిఘాను ఉండనిచ్చింది. సుబ్బారావు వేరే తీర్పు రాసి మొత్తం నిఘా చెల్లదన్నారు. వెంటాడే కళ్ళ మధ్య తిరిగేవాడికి తిరిగే స్వేచ్ఛ ఉన్నట్టు కాదన్నది ఆయన వాదన సారం. 1964లో రతన్ లాల్ కేసులో 1958 ప్రొబేషన్ చట్టాన్ని విశాలంగా చదవాలని రాసిందీ ఆయనే. పోలీసు నీడని తీసేయాలని, ప్రొబేషన్ నీడని పెంచాలని ఒకే మనిషి చెప్పాడు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఆయన మైనారిటీ తీర్పు వైపే నిలబడ్డారు. 2024 మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, వెనకబడిన వర్గాల్లో పుట్టినంత మాత్రాన అమాయకుల పేర్లు హిస్టరీ షీట్లలోకి యాంత్రికంగా ఎక్కకుండా చూడమని రాష్ట్రాలకి చెప్పింది. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో జైళ్ళల్లో కులాన్ని బట్టి పని పంచడాన్ని కొట్టేస్తూ విముక్త జాతుల మీద పడ్డ ముద్ర గురించి కూడా మాట్లాడింది. ఒక రిజిస్టర్ పని చేసిన తీరును కోర్టు ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ప్రొబేషన్ ఎందుకు చేరలేదు?

చట్టం మంచిదైతే మన వాళ్ళకి ఎందుకు అందలేదు? 4వ సెక్షన్‌లోనే ఒక షరతు ఉంది. నిందితుడికి గానీ, జామీనుదారుడికి గానీ ఆ కోర్టు పరిధిలో స్థిర నివాసమో, క్రమమైన వృత్తో ఉండాలి. మార్కాపురం పలకల క్వారీల్లో ఈ ఏడు పని ఉంటుంది, వచ్చే ఏడు ఉండదు. వాన పడకపోతే గిద్దలూరు, కంభం పల్లెల నుంచి కుటుంబాలకి కుటుంబాలే వలస పోతాయి. పోరంబోకు మీద గుడిసె వేసుకున్నవాడికి స్థిర నివాసం కాగితం ఎవరిస్తారు? ఒకప్పుడు 'తిరుగుతున్నావు కాబట్టి హాజరు వేయించుకో' అన్నారు. ఇప్పుడు 'తిరుగుతున్నావు కాబట్టి ప్రొబేషన్ ఇవ్వలేం' అనడానికి వీలుంది.

రెండోది దూరం. స్టేషన్ ప్రతి మండలంలో ఉంది. ప్రొబేషన్ అధికారి ఉండేది జిల్లా కేంద్రంలో. 1970 తర్వాత దశాబ్దాల పాటు మనకి జిల్లా కేంద్రం ఒంగోలు. మార్కాపురం నుంచి సుమారు 100 కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి సుమారు 150. రెండు రోజుల కూలి పోగొట్టుకుని చార్జీలు పెట్టుకుంటే తప్ప 'స్నేహితుడు' కనపడడు. ఆయన అయినా ఇంత పెద్ద జిల్లాలో ఎన్ని గుడిసెలు తిరగగలడు? రాజ్యం కాపలాకి ఎంత మందిని పెట్టింది, ఆసరాకి ఎంత మందిని పెట్టింది అని లెక్క చూస్తే దాని మనసు తెలుస్తుంది.

మూడోది, అడిగేవాడు లేకపోవడం. చిన్న దొంగతనం కేసుల్లో ఒప్పేసుకో, తొందరగా అయిపోతుంది అని సలహా ఇస్తారు. ఒప్పుకున్నాక 4వ సెక్షన్ వేయమని అడగాలని నిందితుడికి తెలియదు. ఆ ఒక్క శిక్షే తర్వాత షీటుకి మొదటి పేజీ అవుతుంది.

ఇట్లా కాకుండా చేయొచ్చని చూపించినవాళ్ళూ ఉన్నారు. 1970లలో గుర్రం జాషువా కూతురు హేమలత, ఆమె భర్త లవణం స్టువర్టుపురం పోయి, అక్కడి మనుషులతో కూర్చుని, పిల్లల చదువు దగ్గర్నుంచి పని మొదలుపెట్టారు. వాళ్ళ చేతిలో హాజరు పట్టీ లేదు. అదే తేడా.

రెండు హెచ్చరికలు

ప్రొబేషన్ కావాలి అన్నప్పుడు అందరికీ అన్ని నేరాల్లో అని మేము అనడం లేదు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత ఈ మాట విప్పి చెప్పుకోవాలి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కింద దోషిగా తేలిన 18 ఏళ్ళు దాటినవాడికి ప్రొబేషన్ వర్తించదు. ఇది ప్రొబేషన్ ఆలోచనకి వ్యతిరేకం అని వాదించేవాళ్ళున్నారు. కాదు. ప్రొబేషన్ అధికారి నివేదికలో ఏముంటుంది? కుటుంబం, ఊళ్ళో మంచి పేరు, స్థిర ఆస్తి. దళితుణ్ణి కొట్టిన భూస్వామికి ఊళ్ళో పేరు ఎప్పుడూ మంచిదే. 'సమాజంలో ఉంచి బాగుచేద్దాం' అంటే బాధితుడి పక్క వీధిలోనే ఉంచడం. అందుకే ఆ సెక్షన్‌ని కాపాడుకోవాలి.

రెండోది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సమాజ సేవ కూడా ఒక శిక్ష. 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొమ్ము తిరిగిచ్చేస్తే ఇది వేస్తారు. జైలు కన్నా మంచిదే. అయితే జీతం లేని పని అన్న మాట వినగానే మన చెవులకి వెట్టి వినిపిస్తుంది. ఏ పని వేస్తారు? వీధులు ఊడవడం, మరుగుదొడ్లు కడగడం శిక్ష అయితే, రోజూ ఆ పనే చేసే మనిషి ఏ నేరం చేశాడు? అగ్రకుల కుర్రాడికి ఆసుపత్రిలో చీటీలు రాసే పని, మన కుర్రాడికి మురిక్కాలవ పని వేస్తే ఆ శిక్ష కులాన్ని బట్టి వేసినట్టే. కోర్టు ఆర్డర్లలో ఏ పని వేశారో గమనించి రాసిపెట్టాల్సిన బాధ్యత కార్యకర్తలదే.

మన ముందున్న పని

చదువుకున్న మొదటి తరంగా మేము పాఠకులకి కొన్ని పనులు చెప్పదలుచుకున్నాం. 21 ఏళ్ళ లోపు పిల్లవాడు కేసులో దోషిగా తేలితే 1958 చట్టం 6వ సెక్షన్ గుర్తు చేయండి. యావజ్జీవ శిక్ష పడే నేరం కాకపోతే, ప్రొబేషన్ నివేదిక తెప్పించుకోకుండా, కారణాలు రాయకుండా కోర్టు జైలుకి పంపడానికి వీల్లేదు. 4వ సెక్షన్ కింద పాత శిక్ష ఉన్నా అడగొచ్చని తెలుసుకోండి. 12వ సెక్షన్ ప్రకారం, 3 లేదా 4 కింద వదిలేసిన మనిషికి ఆ శిక్ష వల్ల అనర్హత అంటదు, ఉద్యోగ దరఖాస్తు దగ్గర ఈ మాట పనికొస్తుంది. స్థిర నివాసం లేదంటే సంఘం తరఫున ఒక టీచరో, ఒక ఉద్యోగో జామీను నిలబడాలి. జాన్ ఆగస్టస్ చేసింది అంతే.

స్టేషన్లలో ఎన్ని షీట్లున్నాయి, అవి ఏ కులాలవి, వాటిలో ఎన్నిటికి కోర్టు శిక్ష ఉంది అని సమాచార హక్కు కింద అడగాలి. ముసలివాళ్ళు బతికుండగానే హాజరు రోజుల జ్ఞాపకాలు రాసుకోవాలి. మునసబు ముందు నిలబడ్డవాళ్ళ పిల్లలు, లాంతరు పట్టిన వెట్టివాళ్ళ పిల్లలు ఒకే చోట కూర్చుని ఆ జ్ఞాపకాలు చెప్పుకుంటే, వాళ్ళని విడదీసిన చేయి ఎవరిదో ఇద్దరికీ తెలుస్తుంది. ఈ పని మార్కాపురంలో, గిద్దలూరులో, యర్రగొండపాలెంలో ఎక్కడ మొదలుపెట్టినా కలిసి పని చేయడానికి మేము సిద్ధంగా ఉన్నాం.